వీలునామా కళాశాలకు అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి అమెరికాలోని స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానికల్ ఎం.ఎస్. సీటు వచ్చింది. ఎవరో ధనవంతుడు వీలునామా రాసి పెట్టిన ప్రైవేటు కళాశాల అట, వద్దని బంధువులు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: వీలునామాతో పుట్టిన మాట నిజమే. అందులో జంకవలసింది మాత్రం ఏమీ లేదు. న్యూజెర్సీలోని హోబోకెన్‌లో స్టీవెన్స్ వారిది యంత్రాలతో పెరిగిన కుటుంబం. తండ్రి జాన్ స్టీవెన్స్ 1825లోనే తన ఎస్టేటులో గుండ్రంగా పట్టాలు వేసి ఆవిరి ఇంజను నడిపించారు. కుమారుడు ఎడ్విన్ 1868లో మరణించారు. తమ ఎస్టేటు పక్క స్థలాన్ని, భవనానికి 1.5 లక్షల డాలర్లను, మూలనిధిగా 5 లక్షల డాలర్లను ఒక విద్యాసంస్థకు రాసి వెళ్లారు. అక్కడ ఏ చదువు చెప్పాలో మాత్రం రాయలేదు. దాన్ని ఇంజినీరింగ్ వైపు నడిపింది ఆ బాధ్యత మోసిన ధర్మకర్తలే. వారిలో ఆయన భార్య మార్తా కూడా ఉన్నారు. ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది. 1870లో సంస్థ ఏర్పడింది, మరుసటి ఏడాది తరగతులు మొదలయ్యాయి.

మీ అమ్మాయి ఎంచుకున్న శాఖకు ఆ ఊరితో గట్టి సంబంధమే ఉంది. అక్కడి ఆచార్యుడు రాబర్ట్ థర్స్టన్ 1870లలోనే మెకానికల్ ప్రయోగశాల నెలకొల్పారు. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం 1880లో ఏర్పడింది ఆ ప్రాంగణంలో జరిగిన సమావేశంలోనే. తొలి అధ్యక్షుడూ థర్స్టనే. కర్మాగారాల పనిని శాస్త్రీయంగా నిర్వహించే పద్ధతికి ఆద్యుడిగా పేరొందిన ఫ్రెడరిక్ టేలర్, ఉక్కు కర్మాగారంలో పనిచేస్తూనే చదువుకుని 1883లో ఇక్కడ పట్టా పొందారు. 1919లో మెకానికల్ పట్టా తీసుకున్న అలెగ్జాండర్ కాల్డర్ గాలికి కదిలే శిల్పాలతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. డిగ్రీ స్థాయిలో అమ్మాయిలకు తలుపులు తెరిచింది మాత్రం 1971లోనే. అంత ఆలస్యం చేయడం బాధాకరం.

అయితే ఆనాటి మూలనిధి మీ ఫీజు కట్టదు. బంధువుల మాట పక్కన పెట్టి, ఉపకార వేతనం ఎంత ఇస్తారో ముందు లిఖితపూర్వకంగా అడగండి. ఆమెకు నచ్చిన అంశంలో ఇప్పుడు పరిశోధన చేస్తున్న ఆచార్యులు ఎవరు, ఎం.ఎస్. విద్యార్థులను ప్రయోగశాలలోకి తీసుకుంటారా అన్నది అమ్మాయినే నేరుగా రాసి తెలుసుకోమనండి. జవాబులు తృప్తిగా ఉండి, అప్పు మీ తాహతు దాటకపోతే నిశ్చింతగా పంపండి.