వరస చివర నడవబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

పిల్లలకు ఆరుబయట ప్రకృతి పాఠాలు చెప్పే చోట నువ్వు ఇంటర్న్‌గా చేరబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. నేను ఇన్నేళ్ళు చేసిన పనిలోకే నువ్వు వస్తున్నావన్న గర్వం ఒకవైపు, ఆ పనిలో ఎక్కడ కాలు జారుతుందో తెలిసినందువల్ల కలిగే బెంగ మరొకవైపు. నువ్వు అడగకపోయినా చెబుతున్నాను, ఓపికగా చదువు.

గట్టి బూట్లు, నిండు చేతుల చొక్కా, టోపీ, మంచినీళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె సంగతి నీకు వేరే చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు నింపి ఇచ్చిన ఆరోగ్య పత్రాలను మాత్రం ముందురోజే చదువు. ఉబ్బసం ఉన్న పిల్లవాడి ఇన్‌హేలర్, కందిరీగ కుడితే ప్రాణం మీదికి వచ్చే పిల్లకు డాక్టరు రాసి ఇచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ బస్సులో ఉండిపోతే లేనట్టే లెక్క. అవి ఆ పిల్లల వెంట నడిచే పెద్దవారి సంచిలో ఉండాలి. ఏ పిల్లతోనూ మిగతావారి కంటికి కనపడనంత దూరం ఒంటరిగా వెళ్ళకు. అది ఆ పిల్లకూ రక్ష, నీకూ రక్ష.

ఇంటర్న్‌ను సాధారణంగా వరస చివర నడవమంటారు. ముందు నడిచి పాఠం చెప్పేవారిదే అసలు పని అనీ, నిన్ను వెనక్కి నెట్టారనీ నీకు అనిపించవచ్చు. నా మొదటి ఏడాది నాకూ అలాగే అనిపించింది.

ఆ రోజు మా వెంట 22 మంది పిల్లలు, అందరూ ఎనిమిదేళ్ళవారు. వాగు ఒడ్డున తలా ఒక చోటు ఎంచుకుని, కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని కనిపించినదాన్ని చూడమని నేనే చెప్పాను. ఇంతలో మబ్బు కమ్మి ఉరుము వినిపించడంతో హడావిడిగా అందరినీ లేపాం. ‘‘అందరూ వచ్చారా?’’ అని అరిచాను, ‘‘వచ్చాం’’ అని వాళ్ళూ అరిచారు. రాని పిల్లవాడు ఆ జవాబులో ఉండడన్న చిన్న సంగతి నాకు తట్టలేదు. పైగా ముందువైపు ఏదో పక్షి గూడు గురించి చెబుతుంటే వినాలన్న ఆశతో నా చోటు వదిలి వరస మధ్యలోకి వెళ్ళిపోయాను. భవనంలోకి చేరాక లెక్కపెడితే 21. మళ్ళీ లెక్కపెట్టినా 21.

వెనక్కి పరుగెత్తుతున్నప్పుడు నా చెవుల్లో వాగు చప్పుడు తప్ప మరేదీ లేదు. నీళ్ళలో మునిగే పిల్లలు చాలాసార్లు కేకలు వేయలేరని, ఊపిరి తీసుకోవడానికే శక్తి చాలక చప్పుడు లేకుండా మునిగిపోతారని శిక్షణలో చెప్పిన మాట ఒక్కటే తలలో తిరిగింది. వాడు మేము వదిలిన చోటే, అదే రాతి మీద, మోకాళ్ళ చుట్టూ చేతులు పెనవేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా రెల్లు కాడ మీద ఒక తూనీగ పాత చర్మం చీల్చుకుని బయటికి వస్తోంది. నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏళ్ళ తరబడి, నీళ్ళలో పురుగుగా బతికిన ప్రాణి ఒకనాడు కాడ ఎక్కి, వీపు పగిలి, నలిగిన రెక్కలను మెల్లగా విప్పుకునే ఆ ఘట్టాన్ని నేను అంతకు ముందెన్నడూ కళ్ళారా చూడలేదు, ఆ రోజూ చూడలేదు. వాడి జబ్బ పట్టుకుని లేపి, నోటికి వచ్చినట్టు తిట్టాను. వాడు ఏడవలేదు. ‘‘మీరే కదలకుండా చూడమన్నారు’’ అన్నాడు. నా పాఠాన్ని ఆ 22 మందిలో పూర్తిగా విన్నది వాడొక్కడే. ఆ తరువాత ఎప్పుడు కూర్చోమన్నా వాడు వాగువైపు చూడడం మానేసి, నేను ఎక్కడికి కదులుతున్నానో అని నావైపే చూస్తూ కూర్చునేవాడు.

అందువల్ల, అమ్మాయీ, బయలుదేరేటప్పుడు, ఆగినప్పుడు, మళ్ళీ కదిలేటప్పుడు, నీళ్ళ దగ్గరికి చేరగానే, అక్కడి నుంచి లేవగానే ఒక్కొక్క ముఖం చూసి లెక్కపెట్టు. పిల్లలను ఇద్దరిద్దరుగా జత చెయ్యి. ఒకరు తప్పిపోతే రెండోవారు ముందే చెబుతారు. లెక్క తక్కువైతే ముందున్నవారు ఎంత పెద్దవారైనా సరే, మొహమాటపడకుండా కేక వేసి వరసను ఆపు. నీళ్ళ విషయంలో నేను అతిగా భయపడతానని మీ నాన్న అంటాడు. అననీ. నువ్వు మాత్రం పిల్లలకూ నీటికీ నడుమ నిలబడు.

ఆనాటి తప్పుకు మూలం తొందర. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు దాటడం లేదంటే పిడుగు పడిన చోటు సుమారు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పటికే మీరు భవనంలోనో, పైకప్పు మూసి ఉన్న బస్సులోనో ఉండాలి, చెట్టు కింద కాదు. ఆఖరి ఉరుము తరువాత 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు. మబ్బు నల్లబడుతుండగానే కదిలితే లెక్కపెట్టుకునే వ్యవధి మిగులుతుంది.

ఇక పాఠం సంగతి. నీకు తెలిసినదంతా ఒక్క గుక్కలో చెప్పేయాలన్న ఆత్రం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, దాన్ని తగ్గించుకో. పిల్ల ఒక పురుగును చూపితే వెంటనే పేరు చెప్పకు. మోకాళ్ళ మీద కూర్చుని, దానికి కాళ్ళు ఎన్ని, అది దేన్ని తింటోంది అని అడుగు. రాయి ఎత్తేటప్పుడు అవతలి అంచు పట్టి నీ వైపుకు లేపు, కింద ఉన్న ప్రాణికి అవతలికి పోయే దారి ఉంటుంది. చూశాక ఆ రాయిని ఉన్నట్టే పెట్టు. కప్ప చర్మంతోనూ ఊపిరి పీల్చుకుంటుంది కనుక, దోమల మందు రాసుకున్న చేతులతో దాన్ని ముట్టనివ్వకు.

ఐదేళ్ళప్పుడు నువ్వు చీమల బారు ముందు బోర్లా పడుకుని, ఎన్నిసార్లు పిలిచినా లేచేదానివి కాదు. నిన్ను నేను ఒక్కనాడూ లాగి లేపలేదు. నీ పక్కనే కూర్చునేదాన్ని. ఆ వాగు ఒడ్డున వాడి పక్కన కూర్చోలేకపోయాను కనుక.

మొదటి రోజు సాయంత్రం ఎంత అలసిపోయినా నాకు రెండు మాటలు రాయి: ఎంతమందితో వెళ్ళి ఎంతమందితో తిరిగి వచ్చావో, అందరికంటే వెనకపడిన పిల్ల దేన్ని చూస్తూ ఆగిపోయిందో.

ఇట్లు
నీ అత్తయ్య