కువైట్‌లో పెరిగిన అమ్మాయి ఇంగ్లండ్‌లో ఒంటరిగా ఉండగలదా? నా అనుభవం

మీ ప్రశ్న చదువుతుంటే మా అమ్మే అడుగుతున్నట్టు అనిపించింది. కువైట్‌లో పుట్టి పెరిగిన మీ అమ్మాయి సెప్టెంబరులో డిగ్రీకి ఇంగ్లండ్ వెళ్తోంది, ఇంతవరకు ఒక్కతే వీధి చివరిదాకా కూడా వెళ్ళలేదు, వంట రాదు, ఈ మూడు నెలల్లో ఏమేం నేర్పాలి అని అడిగారు. నేను 2011లో అచ్చం ఇలాగే కువైట్‌లోని సాల్మియా నుంచి మాంచెస్టర్ వెళ్ళాను. వంట గురించి అంత బెంగ పెట్టుకోకండి, అది తనే నేర్చుకుంటుంది. నేర్పాల్సింది వేరే ఉంది, అది చెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నాను.

గారాబం చేసి పాడుచేశామేమో అని రాశారు. అలా అనుకోకండి. 2016 జులైలో మిత్రిబాలో దాదాపు 54 డిగ్రీలు నమోదైన దేశం అది, అలాంటి ఎండలో పిల్లను నడిచి వెళ్ళమని ఏ తల్లి అంటుంది? మాకు స్కూల్ బస్సు బిల్డింగ్ కిందికే వచ్చేది. పాలు అయిపోతే బకాలాకు, అంటే కిరాణా కొట్టుకు, ఫోన్ చేస్తే కుర్రాడు నాలుగో అంతస్తుకు తెచ్చి ఇచ్చేవాడు, కుళాయి కారితే బిల్డింగ్ కాపలాదారు హారిస్ వచ్చి చూసేవాడు, ట్యూషన్‌కైనా పక్క వీధిలో స్నేహితురాలి ఇంటికైనా నాన్న కారే. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నేను ఒక్కదాన్నే రోడ్డు దాటిన గుర్తు లేదు. సెలవులకు రాజమండ్రి వెళ్ళినప్పుడు నాకంటే రెండేళ్ళు చిన్నదైన మా పిన్ని కూతురు ఆటో అతనితో బేరమాడుతుంటే నేను పక్కన నిలబడి చూసేదాన్ని.

ఇక మాంచెస్టర్ సంగతి. ఫాలోఫీల్డ్‌లో హాస్టల్, క్లాసులకు విల్మ్‌స్లో రోడ్డు మీద 142, 143 బస్సుల్లో వెళ్ళాలి. మొదటి సోమవారం పొద్దున స్టాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. బస్సు వచ్చింది, ఆగకుండా వెళ్ళిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. చెయ్యి చాపితేనే ఆపుతారని నాకు తెలియదు. నన్ను చూసే ఆపడం లేదేమో అని కూడా అనుకున్నాను, గొంతు పూడుకుపోయింది. చివరికి కుక్కను పట్టుకుని ఒక పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడి చెయ్యి చాపాడు, బస్సు ఆగింది. అంతసేపూ నా ముందు నుంచి పదిమందైనా నడిచి వెళ్ళారు, ఒక్కరిని అడిగితే తేలిపోయేది. ఇంగ్లీషు రాక కాదు, స్కూల్లో డిబేట్లలో బహుమతులు తెచ్చుకున్నదాన్ని. ఎప్పుడూ నా బదులు ఎవరో ఒకరు అడిగేవారు, అందుకని తెలియని మనిషి దగ్గరికి వెళ్ళి నాకు ఇది తెలియదండీ అనడం నాకు అలవాటు లేదు.

వంట మాత్రం నెలలోపే వచ్చింది. మొదటి వారం పప్పులోకి పోపు పెడితే పొగకు ఫైర్ అలారం మోగి, రాత్రి తొమ్మిదింటికి బ్లాకు మొత్తం చలిలో పచ్చికలో నిలబడింది, ఎవరికీ మొహం చూపించలేకపోయాను. మర్నాడు సెకండియర్ అబ్బాయి ఒకతను కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసి, చిన్న మంట మీద పోపు పెట్టడం చూపించాడు. రషోమ్ దాకా వెళ్తే కర్రీ మైల్ అనే వీధి దుకాణాల్లో కందిపప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. బట్టలు ఉతకడం కూడా అంతే, ఒకసారి తెల్లవన్నీ గులాబీ రంగుకు తిరిగితే రెండోసారి గుర్తుంటుంది.

జబ్బు చేసినప్పుడు తెలిసింది అసలు కష్టం. నవంబరులో 103 జ్వరం వచ్చింది. దగ్గర్లోని డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోమని మొదటి వారంలోనే కాగితం ఇచ్చారు, నేను చదవనే లేదు. అమ్మకు ఫోన్ చేశాను, అమ్మ నాన్న ఆఫీసుకు చేసింది, నాన్న లండన్‌లో ఉన్న తన స్నేహితుడికి, ఆయన బోల్టన్‌లో ఉండే తన బావమరిదికి. ఆ మహానుభావుడు రాత్రి పదింటికి నాలుగు మాత్రలు, ఒక గిన్నెడు చారు పట్టుకుని వచ్చాడు, ఆయన మేలు ఈ జన్మకు మర్చిపోను. కానీ నా గోడకు అవతల గదిలోనే నర్సింగ్ చదివే అమ్మాయి ఉందన్న సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. రెండు నెలలుగా ఆ అమ్మాయితో నేను హలో తప్ప మాట్లాడలేదు. మీ అమ్మాయి వెళ్ళిన వారంలోనే జీపీ, అంటే దగ్గర్లోని డాక్టరు, దగ్గర పేరు రాయించుకోవాలి. వీసా ఫీజుతో పాటు ఏడాదికి 776 పౌండ్ల లెక్కన ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జి ముందే కట్టించుకుంటారు కాబట్టి వాడుకోవడానికి మొహమాటం అక్కర్లేదు. అర్ధరాత్రి ఒంట్లో బాగోలేక ఏం చెయ్యాలో తోచకపోతే 111కి ఫోన్ చెయ్యాలి, ప్రాణం మీదికి వస్తే 999. ఈ రెండు నంబర్లూ మీ ఫోన్లో కాదు, తన ఫోన్లో ఉండాలి.

తర్వాత చలికాలం వచ్చింది. అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, కువైట్‌తో తేడా మూడు గంటలవుతుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు పోతుంది. ఎండలో పెరిగిన పిల్లలకు ఆ చీకటి చాలా కష్టం, ఇది ముందే చెప్పి పంపండి. నేను మెల్లగా క్లాసులు మానేశాను. జనవరి పరీక్షల్లో ఒక సబ్జెక్టు పోయింది. ఇంట్లో బాగా రాశానని చెప్పాను. మా ట్యూటర్ రెండు మెయిల్స్ పంపితే భయంతో తెరవలేదు. రోజూ అమ్మతో వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడి, ఫోన్ పెట్టేశాక మంచం మీద పడుకుని గోడ చూస్తూ ఉండేదాన్ని. నాన్న నా కోసం ఎంత ఖర్చు పెడుతున్నాడో పౌండ్లలో, దినార్లలో, రూపాయల్లో లెక్కవేసుకునేదాన్ని. ఆ లెక్క వల్లే నిజం చెప్పలేకపోయాను.

ఇక్కడ మీకు తెలియాల్సింది ఒకటి ఉంది. కువైట్ స్కూల్లో మార్కులు తగ్గితే క్లాస్ టీచర్ మీకే ఫోన్ చేసేది కదా. అక్కడ పద్దెనిమిదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ కింద లెక్క, పిల్ల ఒప్పుకోకుండా యూనివర్సిటీ వాళ్ళు తల్లిదండ్రులకు మార్కులు చెప్పరు, హాజరూ చెప్పరు, మీరే ఫోన్ చేసి అడిగినా సరే. అంటే తను చెబితేనే మీకు తెలుస్తుంది.

ఈస్టర్ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ కారులోనే నాన్నకు చెప్పేశాను. నాన్న ఏం మాట్లాడలేదు. గల్ఫ్ రోడ్డు మీద సముద్రం పక్కన కారు ఆపాడు. కాసేపయ్యాక తను 1993లో కువైట్ వచ్చిన కొత్తలో జరిగిన సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. అబ్బాసియాలో ఒక గదిలో ఆరుగురు, అన్నం వండటం రాక నెల రోజులు ఖుబ్బూస్ రొట్టె, పెరుగుతో గడిపాడట. ఒకరోజు తప్పు బస్సెక్కి ఫహాహీల్‌లో దిగి, అరబీ రాక, ఎవరినీ అడగలేక చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడట. ఇంటికి మాత్రం అంతా బాగుంది, కంపెనీ వాళ్ళు బాగా చూస్తున్నారు అని ఉత్తరం రాశాడట. పద్దెనిమిదేళ్ళలో ఈ కథ నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు తెలిసిన నాన్న అన్నీ తెలిసిన మనిషి, ఏ ఆఫీసులోనైనా పని చేసుకుని వచ్చే మనిషి. నేనొక్కదాన్నే చేతకానిదాన్ని అనుకున్నాను.

ఇది ముందే చెప్పి ఉంటే నేను జనవరిలోనే ఫోన్ చేసి చెప్పేదాన్ని, ఇందులో నాకు అనుమానమే లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను, మీ ఆయన, మీరు వచ్చిన మొదటి ఏడాది ఎలా గడిచిందో మీ అమ్మాయికి చెప్పారా? మంచి కథలు కాదు, ఏడ్చిన రోజులు, మోసపోయిన రోజులు. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడది రాజంపేట దగ్గర పల్లెటూరు. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది, చదువు లేదు, రెండేళ్ళలో అరబీ గడగడా మాట్లాడేది. ఎలా నేర్చుకున్నావు అని నేను ఏనాడూ అడగలేదు, నా గిన్నెలు తోమించుకున్నాను తప్ప. పరాయి దేశంలో ఒంటరిగా బతకడం గురించి చెప్పగలిగిన మనిషి రోజూ మా వంటింట్లోనే ఉండేది.

ఆగస్టులో ఆ సబ్జెక్టు మళ్ళీ రాసి పాసయ్యాను. అప్పటికే ట్యూటర్‌ని కలిశాను, ఆవిడ కోప్పడలేదు, వారానికోసారి కనిపించి వెళ్ళమంది, అంతే.

ఈ మూడు నెలల్లో మీరు చేయగలిగినవి ఇంట్లోనే ఉన్నాయి. పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు తననే ఫోన్ చేసి తీసుకోమనండి, బిల్లులో తప్పుంటే తననే వెనక్కి వెళ్ళి అడగమనండి, మీరు కారులో కూర్చోండి. టికెట్టు తనే బుక్ చేసుకోవాలి, హాస్టల్ కాంట్రాక్టు తనే చదివి మీకు తెలుగులో చెప్పాలి. రెండో ఏడాది నేను అద్దెకు తీసుకున్న ఇంటి ఓనరు గోడ మీద పాత మరక చూపించి మా డిపాజిట్‌లో కోత వెయ్యబోతే, ఇల్లు చేరిన రోజు తీసిన ఫోటోలు చూపించి మొత్తం వెనక్కి తెచ్చుకున్నాను. ఆ రోజు నాన్నకు విషయం తెలిసింది డబ్బు చేతికొచ్చాకే. ఫోన్ రోజూ చేసుకోండి, తప్పు లేదు, కానీ తిన్నావా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకండి. ఈ వారం ఏది కుదర్లేదు అని అడగండి, చెప్పగానే పరిష్కారం మొదలుపెట్టకుండా కాసేపు వినండి.

ఇంకొకటి, ఇది గల్ఫ్ పిల్లలకే ఉండే బాధ. క్రిస్మస్‌కి అందరూ ఇంటికి వెళ్తారు, ఎప్పటికీ ఉండే ఇల్లు అది వాళ్ళకు. మన ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, నాన్న ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. మీ అమ్మాయి ఆరు నెలలకు మించి కువైట్ బయట ఉంటే ఇఖామా ఏమవుతుందో వెళ్ళేముందే కనుక్కోండి, ఆ రూల్స్ మారుతుంటాయి. 2014లో నాన్న ఉద్యోగం అయిపోయింది, అమ్మానాన్నా రాజమండ్రి వెళ్ళిపోయారు, సాల్మియా ఫ్లాటు ఖాళీ చేసే రోజు నాకు పరీక్ష. నా గది తలుపు చెక్క మీద ఏటా పుట్టినరోజుకి అమ్మ పెన్సిల్‌తో గీసిన ఎత్తు గీతలు ఉండేవి, మూడో ఏడు నుంచి పదహారో ఏడు దాకా. వాటిని ఫోటో తీసి పంపమని అడగాలని నాకు తోచలేదు, అమ్మకూ తోచలేదు, తర్వాత వచ్చినవాళ్ళు రంగు వేసేశారు. మీ ఇంట్లోనూ అలాంటివి ఉంటాయి. సూట్‌కేసు సర్దేలోపు ఒక సాయంత్రం మీ అమ్మాయిని ఇల్లంతా తిరిగి ఫోటోలు తీసుకోమనండి, బాల్కనీ నుంచి కనిపించే వీధిని కూడా.