రెండని వస్తే చెరిపేయకు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గుణుపురంలో నీకు ఉద్యోగం వచ్చిందని చెప్పింది. మహిళా సంఘాల లెక్కలన్నీ ఎక్సెల్‌లో చూడాలట, సోమవారమే చేరాలట. ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది. ఇంటర్వ్యూలో ఎక్సెల్ వచ్చా అని అడిగితే "అన్నీ వచ్చు సార్" అన్నావట కదా! ఇరవై రెండేళ్లు ఆ గళ్ల ముందు కూర్చుని కళ్లద్దాల నంబరు పెంచుకున్న మీ మావయ్యకే అన్నీ రావు, నీకెలా వచ్చాయే? సరే, తిట్టడానికి కాదు రాస్తున్నది. అక్కడ నిన్నెవరూ కూడికలు అడగరు. ఈ బ్లాకులో ఎన్ని సంఘాలు, లోను తీసుకుని కట్టనివి ఎన్ని, బ్యాంకు ఖాతా లేనివాళ్లు ఎంతమంది... పొద్దున లేస్తే ఇవే. షరతు పెట్టి గళ్లు లెక్కపెట్టడమే నీ ఉద్యోగం అనుకో.

తేలికవి తొందరగా చెప్పేస్తాను. ఫార్ములాల పేర్లు, గళ్ల పేర్లు నేను తెలుగులో రాస్తున్నాను, నువ్వు మాత్రం COUNT, COUNTIF, D2 అని ఇంగ్లీషులోనే కొట్టాలి. కౌంట్ అంకెలున్న గళ్లనే లెక్కపెడుతుంది, కౌంట్‌ఏ ఖాళీ కానివన్నీ. ఒక షరతుకి కౌంట్‌ఇఫ్, రెండు మూడు కలిసి కావాలంటే కౌంట్‌ఇఫ్స్. ఐదు వేలూ ఆ పైనా అంటే ">=5000" అని కోట్స్‌లో పెట్టాలి, ఆ ఐదు వేలు వేరే గడిలో ఉంటే ">="&హెచ్1. ఫార్ములా కిందికి లాగేముందు డాలర్ గుర్తులు పెట్టు, లేకపోతే రేంజి, అంటే లెక్కపెట్టే గళ్ల వరస కూడా దాంతోపాటే జారిపోతుంది. ఫిల్టర్ వేసి దాచిన వరసల్ని కూడా కౌంట్‌ఇఫ్ లెక్కేస్తుంది, కనబడేవే కావాలంటే సబ్‌టోటల్‌లో 103 వాడు. ఇవి నీకు తెలిసే ఉంటాయి.

మన ఒడిశా సరిహద్దు వైపు అసలు గొడవంతా పేర్లతో. మీ సంస్థ రెండు జిల్లాల్లోనూ పనిచేస్తుందని మీ అమ్మ అంది. నువ్వు వెళ్తున్నది రాయగడ జిల్లా, మన గజపతి జిల్లాలో కూడా రాయగడ అని ఒక బ్లాకుంది. ఊరికే "రాయగడ" అని కౌంట్‌ఇఫ్ కొడితే ఆ రాయగడ, ఈ రాయగడ కలిసిపోయి వస్తాయి. అందుకని =కౌంట్‌ఇఫ్స్(బి2:బి400,"గజపతి",సి2:సి400,"రాయగడ") అని జిల్లా ఒక షరతు, బ్లాకు ఒక షరతు పెట్టాలి. రెండు రేంజిలూ సమానంగా ఉండాలి, ఒకటి 400 దాకా, ఒకటి 399 దాకా ఇచ్చావో #వాల్యూ! అని మొహం మీదే చెప్పేస్తుంది. అలా చెప్పే తప్పులు మంచివే తల్లీ, చెప్పకుండా ఊరుకునేవాటితోనే చావు. ఆ తర్వాత ఏ అక్షరాలున్నా సరే అని చెప్పే స్టార్ గుర్తు కూడా అంతే. "కాశీ*" అన్నావంటే రాయగడ జిల్లా కాశీపూర్, మన పక్కనున్న కాశీనగర్ రెండూ వచ్చి కూర్చుంటాయి.

స్పెల్లింగుల సంగతి చెప్పక్కర్లేదు. మన ఊరినే మనం పర్లాకిమిడి అంటాం, సర్కారు కాగితాల్లో పరలాఖెముండి. లక్ష్మిని మనం ఇంగ్లీషులో కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తే ఒడియా వాళ్లు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా, ఎవరి నోటికి ఎలా వస్తే అలా రాయడం మనవాళ్ల హక్కు! ఎక్సెల్‌కి మాత్రం ఆ సరసం తెలీదు. గుణుపూర్ తర్వాత ఎవరో స్పేస్‌బార్ ఒకసారి ఎక్కువ నొక్కినా అది దానికి వేరే ఊరే. ట్రిమ్‌తో ముందు ఆ అదనపు ఖాళీలు తీసేసి శుభ్రం చేసుకుని ఆ తర్వాత లెక్కపెట్టు.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది గుర్తుందా, నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు. వంశధార పొంగింది, కరెంటు పోయింది, మీ తాతయ్య పెరట్లో కొబ్బరిచెట్లు నేలకొరిగితే నువ్వు వాటి మీద ఎక్కి ఆడావు. నేను పనిచేసేచోట ఇళ్లు పోయినవాళ్లకి రేకులు వేసుకోవడానికి కొంత డబ్బు ఖాతాల్లో వెయ్యాలనుకున్నారు. నాలుగు వందల పైచిలుకు పేర్లు, జాబితా నా చేతిలో. ఒకే ఖాతా రెండుసార్లు రాకూడదని పైవాళ్లు గట్టిగా చెప్పారు. నేనేమో తెలివైనవాణ్ణి కదా, పదహారు అంకెల ఖాతా నంబరు మామూలుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుందని తెలుసు, అందుకని కాలమ్ మొత్తం ముందే టెక్స్ట్‌గా మార్చి అన్ని అంకెలూ సరిగ్గా ఎక్కించాను. పక్క కాలమ్‌లో =కౌంట్‌ఇఫ్(డి$2:డి$430,డి2) వేసి కిందిదాకా లాగి, రెండు అని వచ్చిన చోటల్లా రెండో వరస తీసేశాను. తొమ్మిది పేర్లు పోయాయి. ఒక్క గంటలో తేల్చేశానని టీ తాగుతూ గొప్పలు కూడా చెప్పుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత ఒక ముసలమ్మ వచ్చింది. పాలకవర్లో చుట్టిన రెండు పాసుపుస్తకాలు నా బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి ఆమెది, ఒకటి కోడలిది. ఇద్దరూ ఒకేరోజు, ఒకే కౌంటర్లో ఖాతా తెరిచారు. కోడలికి డబ్బు పడింది, ఈమెకి పడలేదు. నేను కంప్యూటర్ వైపు చూపించి "ఒకటే నంబరు అమ్మా, రెండుసార్లు ఎక్కింది" అన్నాను, చూడండి నా ధీమా! ఆమెకి చదువు రాదు. చివరి అంకె మీద గోరు పెట్టి "ఇక్కడ రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి బాబూ, దీంట్లో లేవు" అంది. ఒకటి 7, ఒకటి 8. మిగతా పదిహేనూ ఒకటే.

ఆ రాత్రి కొత్త ఫైలు తెరిచి, చివరి అంకె ఒక్కటే తేడాగా రెండు నంబర్లు కొట్టి చూశాను. తెరమీద రెండూ వేరువేరుగానే కనబడుతున్నాయి, కౌంట్‌ఇఫ్ మాత్రం రెండు అంటోంది. మనం టెక్స్ట్‌గా పెట్టినా సరే, అంకెల్లా కనిపిస్తే కౌంట్‌ఇఫ్ దాన్ని అంకెగా మార్చుకునే పోలుస్తుంది. ఎక్సెల్ అంకెకి పదిహేను స్థానాలే గుర్తు పెట్టుకుంటుంది, పదహారోది గాలికే. 00457, 457 కూడా దాని కంటికి ఒకటే. ఆ తొమ్మిదిలో నిజంగా రెండుసార్లు ఎక్కినవి ఐదు. మిగతా నలుగురికీ రెండో జాబితాలో డబ్బు పడేసరికి సంక్రాంతి దాటింది. ఆ ముసలమ్మ అన్నాళ్లూ తమ్ముడింటి అరుగు మీద పడుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బావుండేది.

అందుకే చెప్తున్నాను, పొడుగు నంబర్లకి =సమ్‌ప్రొడక్ట్(--(డి$2:డి$430=డి2)) వాడు, అది ఉన్నది ఉన్నట్టు పోలుస్తుంది. కౌంట్‌ఇఫే కావాలంటే షరతు దగ్గర డి2&"*" అని పెట్టు, అప్పుడు అక్షరాల్లాగే చూస్తుంది. ఇంత చేసినా రెండు అని వస్తే ఆ వరస చెరిపేయకు. రంగు వేసి పక్కన పెట్టు, కాగితం తెప్పించి నీ కళ్లతో చూడు, తీసేసిన ప్రతి పేరూ వేరే షీటులో కారణంతో సహా ఉంచు. పైనుంచి ఎంత తొందరపెట్టినా సరే. ఎక్కువ అరిస్తే మా మావయ్యతో మాట్లాడండి అని నా నంబరివ్వు.

శనివారం సాయంత్రం రైలెక్కి వచ్చెయ్, ల్యాప్‌టాప్ తెచ్చుకో. నేను పనిచేసే రోజుల్లో గుణుపురం వెళ్లే ఆ చిన్నబండి ఎంత మెల్లగా నడిచేదో నీకు చెప్పాలి. అత్త అరిసెలు చేస్తానంటోంది. అనుమానం ఉన్న ఫైలు ఏదైనా ఉంటే ఇద్దరం కూర్చుని చూద్దాం, కానీ ఆడవాళ్ల ఖాతా నంబర్లు మాత్రం నాకు వాట్సాప్‌లో పంపకు. పంపావంటే అరిసెలు లేవు.

మీ మావయ్య