ఘాటు వాసన ఉంటేనే క్రిములు చస్తాయా? యాంటీసెప్టిక్‌కీ డిసిన్ఫెక్టెంట్‌కీ తేడా ఏమిటి?

మీరు అడిగినవి నాలుగు. ఈ రెండింటికీ తేడా ఏమిటి, ఇవి క్రిముల్ని ఎలా చంపుతాయి, ఘాటుగా ఉన్నదే ఎక్కువ పనిచేస్తుందా, ఇంట్లో చిన్న గాయానికి ఏం చేయాలి. నేను ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్ల నుంచి, ఐసీయూల నుంచి వచ్చే స్వాబ్‌లను (దూదిపుల్లతో తీసిన నమూనాలను) కల్చర్‌కి పెట్టి, అంటే ప్లేటు మీద క్రిముల్ని పెంచి, ఏం పెరిగిందో చెప్పడం నా పనిలో భాగం. అందుకని పుస్తకంలో ఉన్నదానితో పాటు ప్లేటు మీద కనబడినదీ కాస్త చెబుతాను.

ముందు వాసన సంగతి తేల్చేద్దాం. వాసనకీ బలానికీ సంబంధం లేదు. ఆపరేషన్‌కి ముందు చర్మానికి రాసే క్లోర్‌హెక్సిడిన్‌కి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు, అయినా దాని ప్రభావం చర్మం మీద గంటల తరబడి నిలుస్తుంది. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే ద్రవాలను చూసి కూడా చాలామంది మురిసిపోతారు. ఆ తెలుపు వాటిలోని క్లోరోజైలినాల్ అనే మందు నీళ్లలో సరిగా కరగక, నూనెతో పాటు సన్నటి బొట్లుగా చెదిరిపోవడం వల్ల వస్తుంది. క్రిములు చస్తున్న గుర్తు కాదది.

వాసనను నమ్ముకుని మేలు జరిగిన సందర్భం మాత్రం చరిత్రలో ఒకటుంది. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష చేసి నేరుగా కాన్పులకు వచ్చే వైద్యుల చేతుల్ని క్లోరిన్ సున్నం నీళ్లతో కడిగించాడు. చేతులకు పట్టిన శవాల కంపు దానితో పోతుంది కాబట్టి ఆ మందును ఎంచుకున్నాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన బాలింతల మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి పడిపోయాయి. రోగాలకు క్రిములే కారణమన్న సిద్ధాంతం అప్పటికి ఇంకా రాలేదు. ఆయన చేతికి చిక్కిన రసాయనం సరైనది కావడం బాలింతల అదృష్టం.

ఇక తేడా. ఒంటి మీద వాడేది యాంటీసెప్టిక్, నేల మీదా బల్లల మీదా పరికరాల మీదా వాడేది డిసిన్ఫెక్టెంట్. చాలాసార్లు రసాయనం ఒకటే, గాఢత వేరు. ఈ గీత ఎందుకు గీయాల్సి వచ్చిందో తెలిస్తే మిగతాదంతా సులువు. పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్ బాక్టీరియా గోడ కట్టుకునే పనిని అడ్డుకుంటుంది. మన కణాలకు అలాంటి గోడే లేదు కాబట్టి మందు మింగినా మనకు ప్రమాదం తక్కువ. డిసిన్ఫెక్టెంట్లకు ఆ విచక్షణ లేదు. ప్రొటీన్ కనబడితే పాడుచేస్తాయి, కొవ్వు పొర కనబడితే చీలుస్తాయి. మన కణాల్లోనూ అవే ఉన్నాయి. కాబట్టి చర్మం, పుండు ఎంత తట్టుకోగలవన్నదే యాంటీసెప్టిక్‌కి హద్దు. వీటిని తాగితే లోపలి క్రిములు చస్తాయనుకునేవాళ్లకు కూడా ఇదే నా జవాబు.

ఒక్కో రసాయనం దాడి చేసే తీరు ఒక్కోలా ఉంటుంది. ఆల్కహాల్ ప్రొటీన్ల మడతలు విప్పేస్తుంది, కణం పైపొరను కరిగిస్తుంది. ఇక్కడే చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం ఉంది: నూటికి నూరు శాతం ఆల్కహాల్ కంటే 70 శాతానిదే బాగా చంపుతుంది. ప్రొటీన్లు ఆల్కహాల్‌కి లొంగాలంటే నీళ్లు ఉండాలి. పైగా శుద్ధ ఆల్కహాల్ పని పూర్తవకముందే ఆవిరైపోతుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు బల్ల తుడవడానికి అసలు సీసాలోది నేరుగా వంపబోతారు, మేము ఆపి నీళ్లు కలపమంటాం.

బ్లీచ్‌లోని క్లోరిన్, పోవిడోన్ అయోడిన్‌లోని అయోడిన్ ఆక్సీకరణతో దెబ్బతీస్తాయి, అంటే ఎంజైములు పనిచేయకుండా పోతాయి. క్లోర్‌హెక్సిడిన్‌కీ, బెంజాల్కోనియం లాంటి క్వాటర్నరీ అమ్మోనియం లవణాలకూ ధనావేశం ఉంటుంది, బాక్టీరియా పైపొరకు రుణావేశం. అవి వెళ్లి అంటుకుని పొరను చిల్లులు చేస్తే లోపలి పదార్థం బయటికి కారిపోతుంది. మామూలు సబ్బు రుణావేశం ఉన్నది కాబట్టి, దాని నురగ మిగిలి ఉండగా వీటిని వాడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పని చెడగొడతాయి. కడిగాక సబ్బు పూర్తిగా పోవాలి, ఆ తర్వాతే ఇవి.

అన్ని క్రిములూ ఒకేలా చావవు. ఫ్లూ, కరోనా, హెచ్ఐవీ వైరస్‌ల చుట్టూ కొవ్వు తొడుగు ఉంటుంది. చూడ్డానికి కవచంలా ఉన్నా అదే వాటి బలహీనత, తొడుగు కరిగితే వైరస్ పనైపోయినట్టే. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కి ఆ తొడుగు లేదు, అందుకే శానిటైజర్‌కి అంత తేలిగ్గా లొంగదు. క్షయ బాక్టీరియాకి మైనంలాంటి గోడ ఉంటుంది. వీటన్నిటినీ మించినవి స్పోర్లు, అంటే కొన్ని బాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని నిద్రాణంగా ఉండే రూపాలు. మా ల్యాబ్‌లో క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే పేగుల క్రిమిని పట్టుకోవాలంటే మల నమూనాలో సమానంగా ఆల్కహాల్ కలిపి గంటసేపు వదిలేస్తాం. మిగతా బాక్టీరియా దాదాపు అంతా చచ్చిపోతుంది, దీని స్పోర్లు మాత్రం నిక్షేపంగా బతికి ప్లేటు మీద పెరుగుతాయి. మేము ఆల్కహాల్‌ని దాన్ని చంపడానికి కాదు, వెతికి పట్టుకోవడానికి వాడతామన్నమాట! అలాంటి రోగిని ముట్టుకున్నాక శానిటైజర్ చాలదు, సబ్బూ నీళ్లతో స్పోర్లను చేతుల మీద నుంచి కడిగి వదిలించుకోవాల్సిందే.

అయితే పనిలో నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ భాగం రసాయనం తప్పు కాదు, వాడకం తప్పు. ఒకసారి ఒక వార్డు నుంచి యాంటీసెప్టిక్ సీసానే పరీక్షకు పంపారు. నీళ్లు కలిపిన ద్రవం, అందులో మునిగిన దూది ఉండలు, ఎప్పుడు కలిపారో సీసా మీద రాసి లేదు. మర్నాడు ప్లేటు మూత తీస్తే ఆకుపచ్చటి రంగు పరుచుకుని, పండిన ద్రాక్షలాంటి తియ్యటి వాసన వచ్చింది. అది సూడోమోనాస్ అనే బాక్టీరియా. పుండ్లు తుడిచే ద్రవంలోనే కాపురం పెట్టింది. ఆ ద్రవంలోని క్వాటర్నరీ లవణాలను దూది పీల్చేసుకుంటుంది, మిగిలిన పలుచటి నీళ్లలో ఈ మొండి బాక్టీరియా హాయిగా పెరుగుతుంది. సగం ఖాళీ అయిన సీసాలో కొత్త ద్రవం నింపొద్దని, కడిగి ఆరబెట్టి తేదీ రాసి పోయమని నర్సుల వెంటపడేది ఇందుకే.

మురికి విషయమూ అంతే. రక్తం, చీము, మట్టి ఉన్నచోట బ్లీచ్ పోస్తే క్లోరిన్ అంతా వాటి మీదే ఖర్చైపోతుంది, క్రిములకు మిగలదు. అందుకే ముందు శుభ్రం చేయడం, తర్వాత డిసిన్ఫెక్టెంట్. మామూలు బల్లలకు 0.1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్‌లోని క్లోరిన్ మందు) చాలు. రక్తం చిందిన చోట 0.5 నుంచి 1 శాతం వాడతారు, తుడిచేసిన తర్వాత పది నిమిషాలు తడిగా వదిలేస్తారు. చల్లి వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే మందు పోసిన తృప్తి తప్ప ఏమీ మిగలదు. కలిపిన బ్లీచ్ నిలవుండదు కాబట్టి ఏ రోజుది ఆ రోజే, అదీ చన్నీళ్లలో కలపాలి.

“99.9 శాతం క్రిములను చంపుతుంది” అని సీసాల మీద రాసే మాటను చాలామంది నమ్ముతారు, దాని గురించి కూడా ఒక మాట. పది లక్షల బాక్టీరియా ఉంటే అందులో ఇంకా వెయ్యి బతికే ఉంటాయి. ఆరోగ్యవంతుడి వంటగట్టు మీద అది పెద్ద విషయం కాదు, శరీరంలోకి దూర్చే పరికరం మీద అయితే చాలా పెద్ద విషయం. కోత పరికరాలను ద్రావణంలో ముంచి సరిపెట్టకుండా ఆటోక్లేవ్ అనే యంత్రంలో 121 డిగ్రీల ఆవిరికి గురిచేయడం ఆ వెయ్యిలో ఒక్కటీ మిగలకూడదనే.

ఇంట్లో చిన్న గాయం సంగతి అడిగారు కదా. ధారగా పడే మంచినీళ్లతో బాగా కడగడమే సగం చికిత్స. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్ రాస్తే ఆరనివ్వండి, అది ఆరేలోపే పనిచేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అది మన రక్తంలో, కండలో ఉన్న కాటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం. మానుతున్న కణాలనూ అది దెబ్బతీస్తుంది కాబట్టి రోజూ పోయడం నాకు నచ్చదు. లోతైన గాయం, జంతువు కాటు, తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకోవడం లాంటివి అయితే సీసా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీరు అడగలేదు గానీ, ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. రెండు కలిపితే రెట్టింపు బలం వస్తుందని బ్లీచ్‌లో టాయిలెట్ యాసిడ్ పోసేవాళ్లున్నారు. క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిపినా విషవాయువులే వస్తాయి. పొరపాటున కలిపేసి కళ్లూ గొంతూ మండితే, తుడవడానికి ఆగకుండా గది వదిలి గాలి ఆడే చోటికి వచ్చేయండి. దగ్గు తగ్గకపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.