కంప్యూటర్ మాస్టారుని అడగండి: పేరు పెట్టి పిలిచినా ఆర్ పలకదేం?

ప్రశ్న: మాస్టారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. రోజూ నీళ్లలో డీవో (కరిగిన ఆక్సిజన్), సెలినిటీ (ఉప్పదనం), పీహెచ్ చూసి నోటుబుక్కులో రాస్తారు. నేను వాటిని ఎక్సెల్‌లో ఎక్కించి, ఎమ్మెస్సీలో నేర్చుకున్న ఆర్ అనే లెక్కల ప్రోగ్రామింగ్ భాషతో గ్రాఫులు గీస్తాను. స్టార్ట్ మెనూలోంచి తెరిస్తే ఆర్ బాగానే వస్తుంది. కమాండ్లు టైపు చేసే నల్ల విండో, అదే కమాండ్ ప్రాంప్ట్‌లో ఆర్ అని కొడితే మాత్రం అలాంటి కమాండే లేదంటోంది. అలాంటిదే ఇంకో విండో పవర్‌షెల్‌లో ఇంకా విచిత్రం, అంతకుముందు చూసిన ఫైళ్ల లిస్టే మళ్లీ వస్తోంది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అంతే. వైరస్ ఏమోనని టెన్షన్‌గా ఉంది. నాన్నగారు ఒక ఐకాన్ నొక్కితే గ్రాఫు వచ్చేలా చేయాలని నా ఆశ.

జవాబు: ఈ రెంటికీ వైరస్‌తో పని లేదమ్మా. ఆర్‌ని మళ్లీ తీసెయ్యకు, పాపం దాని తప్పేం లేదు.

ముందు పవర్‌షెల్ సంగతి, సరదా అంతా అక్కడే ఉంది. అందులో ఆర్ అనే ఒంటి అక్షరానికి ముందే ఒక పని అప్పగించి ఉంచారు: ఇంతకుముందు కొట్టిన కమాండుని మళ్లీ నడపడం. చిన్నక్షరమైనా పెద్దక్షరమైనా దానికి ఒకటే. నువ్వు ఫైళ్ల లిస్టు చూసి ఆర్ కొట్టావు, అది బుద్ధిగా మళ్లీ లిస్టు చూపించింది. ఆ చివరి కమాండు ఫైళ్లు చెరిపేసేదైతే ఏమయ్యేదో ఆలోచించు! కాబట్టి పవర్‌షెల్‌లో ఎప్పుడూ ఆర్ డాట్ ఈఎక్స్ఈ అని పూర్తి పేరు కొట్టాలి.

ఇక కమాండ్ ప్రాంప్ట్. అక్కడ ఉత్త ఆర్ అనడమంటే భీమవరం బస్టాండులో దిగి ‘రాజుగారిల్లెక్కడండీ’ అని అడగడమే. ఏ ఫోల్డర్లలో వెతకాలో విండోస్ దగ్గర పాత్ అనే జాబితా ఉంటుంది. ఆర్ ఇన్‌స్టాలర్ తన ఫోల్డర్‌ని మామూలుగా అందులో చేర్చదు. అందుకే ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అదే పాట.

ఆర్ ఎక్కడుందో ఆర్‌నే అడుగు. మెనూలోంచి తెరిచి, ఆర్ డాట్ హోమ్ అని కొట్టి, బ్రాకెట్లో కోట్స్ మధ్య బిన్ అని రాయి. ఫోల్డర్ చిరునామా మొత్తం చెబుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ అని ఉండాల్సిన చోట ‘ప్రోగ్రా’ తర్వాత వంకర గీత, ఒకటి అంకె కనిపిస్తే కంగారు పడకు, అది విండోస్ వాడే పొట్టి పేరు. తర్వాత స్టార్ట్‌లో ఎన్విరాన్‌మెంట్ అని వెతికి, నీ అకౌంటు వేరియబుల్స్‌లో పాత్ మీద ఎడిట్, న్యూ నొక్కి, ఆ చిరునామాలో ముందుకి వాలిన స్లాష్‌లన్నీ బ్యాక్‌స్లాష్‌లుగా మార్చి అతికించు. తెరిచి ఉన్న నల్ల విండోలు మూసేసి కొత్తది తెరవాలి, పాతవాటికి ఈ మార్పు తెలియదు. సెట్‌ఎక్స్ కమాండుతో పాత్ మార్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకు, అది 1024 అక్షరాల దగ్గర కత్తిరించేస్తుంది.

అయితే నీ పనికి పాత్ జోలికే వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. ఆర్ కొత్త వెర్షన్ వేసుకున్నప్పుడల్లా ఫోల్డర్ పేరులో అంకె మారుతుంది, పాత్‌లో పాతదే మిగిలిపోతుంది. నాన్నగారికి కావలసింది ఒక బ్యాట్ ఫైలు, అంటే నొక్కగానే లోపల రాసిన కమాండ్లని వరసగా నడిపేది. నోట్‌ప్యాడ్‌లో మూడు లైన్లు చాలు. మొదటి లైను సీడీ, స్లాష్ డీ, ఆపైన లెక్కల ఫోల్డర్. రెండో లైనులో ఆర్ ప్రోగ్రాములని నడిపే ఆర్‌స్క్రిప్ట్ డాట్ ఈఎక్స్ఈ పూర్తి చిరునామా, పక్కన నీ ప్రోగ్రామ్ పేరు. మూడోది పాజ్, లేకపోతే తప్పేదైనా వచ్చినా చదివేలోపే విండో మాయమవుతుంది. చిరునామాలన్నీ కోట్స్‌లో పెట్టు. ప్రోగ్రామ్‌కీ ఫైల్స్‌కీ మధ్య ఉన్న ఖాళీ దగ్గరే సగం మంది బోల్తా పడతారు.

ఇంకొకటి. ఇలా నడిపితే గ్రాఫు తెర మీదికి రాదు. అదే ఫోల్డర్‌లో ఆర్‌ప్లాట్స్ అనే పీడీఎఫ్‌గా కూర్చుంటుంది. నాన్నగారు ఫోన్లో చూస్తారనుకుంటే ప్రోగ్రామ్‌లోనే పీఎన్‌జీగా సేవ్ చెయ్యి, గ్రాఫు గీశాక ఆ ఫైలుని మూసే డెవ్ డాట్ ఆఫ్ మరిచిపోకు. అన్నట్టు, డీవో బాగా పడిపోయేది తెల్లవారుజామునే గనక ఆ రీడింగులకి వేరే రంగు వెయ్యి. పొద్దుటివీ సాయంత్రంవీ ఒకే గీతగా కలిపేస్తే రంపపు పళ్లు తప్ప ఏమీ కనబడవు.

ప్రశ్న: ఆర్‌లో మా ఊళ్ల పేర్లు తెలుగులో రాకుండా యూ, ప్లస్, అంకెలుగా వస్తున్నాయండి. ఏం చెయ్యాలి? (అమలాపురం పాఠకుడు)

జవాబు: మీది పాత వెర్షన్ అయ్యుంటుంది బాబూ. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2 నుంచి విండోస్‌లోనూ ఆర్ యూటీఎఫ్-8 వాడుతోంది, అంటే అన్ని భాషల అక్షరాలనీ దాచుకోగల పద్ధతి. అంతకంటే కొత్తది వేసుకోండి. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు ఉత్త సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. తర్వాత మొదటి కాలమ్ పేరు ముందు పిచ్చి అక్షరాలేవైనా వస్తే, చదివించేటప్పుడు ఫైల్ ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-బామ్ అని ఇవ్వండి.