కుళాయి వాషరు మార్చడం నేర్పినా సవాబ్ (పుణ్యం) ఉంటుందా?

వ అలైకుం సలాం. బెంగళూరులో మీ అపార్ట్‌మెంట్ వాళ్లకూ, మసీదు వుజూఖానా (నమాజుకు ముందు వుజూ, అంటే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే చోటు) చూసుకునే కుర్రాళ్లకూ కారే కుళాయి బాగుచేసుకోవడం నేర్పాలనుకుంటున్నారు. ఇది దీన్ (ధర్మ) విద్య కాదు కదా, దీనికి సవాబ్ ఉంటుందా అన్నది మీ అనుమానం. అల్లాహ్ కోసమన్న నియ్యత్ (సంకల్పం) ఉంటే తప్పకుండా ఉంటుంది.

మనిషి పోయాక కూడా సవాబ్ ఆగని మూడింటిలో 'నలుగురికీ పనికొచ్చే విద్య' ఒకటన్న హదీసును (ప్రవక్త మాటను) అందరూ చెబుతారు. నన్నడిగితే మీ ప్రశ్నకు ఇంకా సూటిగా తగిలేది మరొకటుంది. ఏ పని మేలైనదని ప్రవక్త సహచరుడు అబూ జర్ (రజి) అడుగుతూ పోతే, ఒకచోట ప్రవక్త (స) పనివాడికి సాయపడమని, పని చేతకానివాడికి చేసిపెట్టమని చెప్పారు. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. చేసిపెట్టడానికే అంత విలువుంటే, వాడే చేసుకునేలా నేర్పడం ఇంకో మెట్టు పైదే. విద్య దాచినవాడికి నిప్పు కళ్లెం అన్న హదీసు చూపించి ప్లంబర్లను మాత్రం బెదిరించకండి. అది అవసరమైన ధార్మిక జ్ఞానం గురించని చాలామంది ఉలమా (ధర్మ పండితులు) అన్నారు. పనితనం వాళ్ల బతుకుతెరువు.

ఇక నేర్పే పద్ధతి. ముందు నీళ్లు కొలిచి చూపించండి. పూర్తిగా తిప్పిన కుళాయి కింద బకెట్ పెడితే నిమిషానికి పది లీటర్ల దాకా వస్తాయి. ప్రవక్త (స) వుజూ చేసింది ఒక ముద్ నీళ్లతో, అంటే సుమారు ముప్పావు లీటరే. ట్యాంకరుకు డబ్బు కట్టే ఊళ్లో ఈ లెక్క చెప్పాక వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

పాత తరహా కుళాయికి మొదట వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు వదిలేయాలి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కాలి, లేకపోతే స్క్రూ అందులో పడుతుంది. హ్యాండిల్ తీసి, పానాతో స్పిండిల్ (హ్యాండిల్ కింద తిరిగే కడ్డీ) విప్పితే చివర రబ్బరు వాషరు కనిపిస్తుంది. దాన్ని జేబులో వేసుకుని కొట్టుకు వెళ్లి అదే సైజు తెచ్చుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు స్పిండిల్ తెరిచిన స్థితిలోనే ఉండాలి, మూసిన స్థితిలో బిగిస్తే కొత్త వాషరు నలిగిపోతుంది. కొత్తది వేసినా కారుతోందంటే లోపల వాషరు ఆనే అంచు గరుకెక్కిందని అర్థం. బోరు నీళ్లలో ఇసుక వస్తే ఇలా అవుతుంది. అంతమాత్రానికి హ్యాండిల్‌ను బలంగా బిగిస్తే రబ్బరు తెగుతుంది, చుక్క ఆగదు. పావు చుట్టుతో తెరుచుకునే కొత్త కుళాయిల్లో రబ్బరు వాషరు బదులు సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. దాన్ని మొత్తం మార్చాలి. కొనేటప్పుడు పొడవుతోపాటు హ్యాండిల్ కూర్చునే చోట ఉండే పళ్ల సంఖ్య కూడా సరిపోవాలి, నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

కుళాయి మూతికి బిగించే, నీళ్లలో గాలి కలిపి వాడకం తగ్గించే ఏరేటర్‌ను 2024 వేసవిలో నీటి బోర్డు అపార్ట్‌మెంట్లలో తప్పనిసరి చేసింది. బోరు నీళ్లకు దాని జల్లెడ తెల్లగా పేరుకుపోయి ధార సన్నబడుతుంది. జనం విసిగి తీసి పారేస్తారు. తీసి గంటసేపు సిర్కాలో (వెనిగర్‌లో) నానేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. విప్పే ముందు ఫోనులో ఫొటో తీసుకోమనండి, జల్లెడల వరుస తారుమారైతే నీళ్లు పక్కలకు చిమ్ముతాయి.

నేర్పేటప్పుడు పానా వాళ్ల చేతిలోనే ఉండాలి. నలుగురిలో 'ఇది కూడా తెలీదా' అనకండి, ఎత్తిపొడిస్తే దానం వ్యర్థమవుతుందని ఖుర్ఆన్ (2:264) చెబుతోంది. గ్రూపులో వచ్చిన చిట్కా మీరు చేసి చూడకుండా ముందుకు పంపకండి. గీజరు, మోటారు స్టార్టరు జోలికి అసలు పోవద్దు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడే నష్టానికి బాధ్యుడని మరో హదీసు గ్రంథం అబూ దావూద్‌లో ఉంది, కరెంటు పనికీ నేను అదే వర్తింపజేస్తాను. అక్కడ మంచి ఎలక్ట్రీషియన్ నంబరు ఇవ్వండి, చాలు.