ముందు పెద్దక్షరాల్లో ‘ఓఆర్‌ఎస్’, వెనక చీమతలకాయంత గమనిక: తప్పు షాపువాడిదా, నాదా?

ప్రశ్న: గత డిసెంబర్‌లో (2025) మా మూడేళ్ల బాబుకి విరేచనాలు పట్టుకుంటే రాత్రిపూట మెడికల్ షాపుకి వెళ్లి ఓఆర్‌ఎస్ అడిగాను. ఆపిల్ బొమ్మ ఉన్న టెట్రా ప్యాక్‌లు మూడిచ్చి, “ఇది ఓఆర్‌ఎస్సే, పిల్లలు ఇష్టంగా తాగుతారు” అన్నాడు. రెండు తాగించాను. మోషన్స్ తగ్గకపోగా ఎక్కువయ్యాయి. మర్నాడు ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టించాం. డాక్టరు ప్యాకెట్ చూసి, “ఇది ఓఆర్‌ఎస్ కాదమ్మా, తీపి నీళ్లు” అన్నారు. షాపుకి వెళ్లి అడిగితే, “వెనక రాసే ఉంది కదా, చదువుకుని కొనుక్కోవాలి” అని ఎదురు మాట్లాడాడు. బిల్లు ఇవ్వలేదు, ఫోన్‌లో డబ్బు పంపాను. ఒక ప్యాకెట్ మిగిలింది, ఫొటోలు జత చేశాను. కేసు వేయొచ్చా? చదవకపోవడం నా తప్పే అవుతుందా?
– ఓ తల్లి, కరీంనగర్

జవాబు: వేయొచ్చమ్మా. చదవకపోవడం మీ తప్పు కాదు. మీరు చదివారు కూడా. ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్నదాన్ని చదివే కదా కొన్నారు! ముందు ఒక మాట చెప్పి, వెనక దాన్ని కాదనడం ఎంతవరకు చెల్లుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఫొటోలను పెద్దవి చేసి చూశాను. ముందువైపు ఓఆర్‌ఎస్ అన్న మూడు అక్షరాలు బొటనవేలంత ఉన్నాయి. ‘ఇది డబ్ల్యూహెచ్‌ఓ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు’ అన్న గమనిక వెనకవైపు మడత దగ్గర, బార్‌కోడ్ కింద, ఇంగ్లీషులో ఉంది. ఆహార లేబుల్ మీద వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు కూడా వేయవచ్చు గానీ తప్పనిసరి కాదు. మన ఊళ్లలో సరుకు అమ్ముకునేవాళ్లకి మన భాషలో హెచ్చరిక వేయాలన్న బాధ్యత లేకపోవడం నాకు మొదటినుంచీ మింగుడుపడని విషయం. సరే, అది వేరే చర్చ.

ఆ గమనిక వెనక కొంత కథ ఉంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఇలాంటి పానీయాల మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2022 జులైలో, మళ్లీ 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చిన ఉత్తర్వులు, ఈ గమనిక వేస్తే బ్రాండ్ పేరులో ఓఆర్‌ఎస్ వాడుకోవచ్చన్నాయి. 2025 అక్టోబర్ 14న అదే సంస్థ ఆ రెండింటినీ వెనక్కి తీసుకుంది. గమనిక ఉన్నా సరే, ఆహార పానీయాల పేరులో ముందూ వెనకా ఎక్కడా ఆ మాట ఉండకూడదని చెప్పేసింది. పాత స్టాకు గొడవ ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. మీ ప్యాకెట్ తయారైంది 2025 ఆగస్టులో, మీరు కొన్నది డిసెంబర్‌లో. “అప్పటికి అనుమతి ఉంది” అని అవతలి లాయరు తప్పకుండా అంటాడు. షాపువాడు మీకు అమ్మిన రోజుకి ఆ అనుమతి లేదన్నది మన జవాబు. అందుకే యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ మీకు చాలా ముఖ్యం. అందులో తేదీ, సమయం, షాపు పేరు మూడూ ఉంటాయి.

బిల్లు లేదని దిగులు పడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదులో దాన్ని కూడా చేర్చండి.

ఇక మీ ప్యాకెట్ మీదే ఉన్న సాక్ష్యం. వెనక ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని పక్కన 14 అంకెల లైసెన్సు నంబరు, చదరం మధ్యలో ఆకుపచ్చ చుక్క ఉన్నాయి. అంటే అది ఆహారం, మందు కాదు. అసలు ఓఆర్‌ఎస్ మందు కిందికి వస్తుంది. దాని మీద ఔషధ తయారీ లైసెన్సు నంబరు, ఏ లవణం ఎన్ని గ్రాములన్న లెక్క ఉంటాయి. లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మీ ప్యాకెట్ పోషకాల పట్టికలో 100 మిల్లీలీటర్లకి చక్కెర 11 గ్రాములని ఉంది. లీటరుకి లెక్కగడితే 110 గ్రాములు, ఎనిమిది రెట్ల పైమాట! అంత చక్కెర పేగుల్లోకి వెళ్తే ఒంట్లో నీటిని అటు లాగి విరేచనాలు పెంచుతుందని ఏ పిల్లల డాక్టరైనా చెబుతారు. దీనికి ల్యాబ్ రిపోర్టు తెచ్చే పని లేదు. లోపలి పానీయం కల్తీదని మనం అనడం లేదు, పేరు మోసమంటున్నాం. కంపెనీ తన చేత్తో వేసుకున్న పట్టికే దానికి రుజువు.

ఫిర్యాదులో తయారీదారుని మొదటి ప్రతివాదిగా, షాపుని రెండో ప్రతివాదిగా పెట్టండి. చేసిన వాగ్దానానికి సరుకు తగినట్టు లేకపోయినా, సరైన హెచ్చరిక లేకపోయినా తయారీదారు బాధ్యుడని అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 84 చెబుతుంది. షాపువాడు మామూలుగా “నేను అమ్మానంతే, తయారుచేయలేదు” అని తప్పుకుంటాడు. కానీ కంపెనీ మాటతో సంబంధం లేకుండా అమ్మేవాడు తానుగా హామీ ఇస్తే, అది నిజం కానప్పుడు సెక్షన్ 86 కింద అతనూ బాధ్యుడే. “ఇది ఓఆర్‌ఎస్సే” అన్నది సరిగ్గా అలాంటి మాట. ఆ సమయంలో పక్కన ఎవరైనా ఉంటే వాళ్ల అఫిడవిట్ తీసుకోండి.

కష్టమైన చోటు కూడా చెప్పాలి. బాబు ఆసుపత్రి పాలవడానికి ఆ పానీయమే కారణమని నిరూపించడం తేలిక కాదు. అసలు జబ్బే ముదిరిందని వాదిస్తారు. డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరు ఏం రాశారో చూడండి. ఆ పానీయం సంగతి అందులో లేకపోతే, తాను ప్యాకెట్ చూసి ఏమన్నారో ఒక కాగితం మీద రాసి సంతకం చేసివ్వమని అడగండి. ఆ కాగితం దొరికితే ఆసుపత్రి ఖర్చు కూడా అడగొచ్చు. దొరక్కపోయినా లేబుల్ మోసానికి, మీరు పడ్డ టెన్షన్‌కి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. మొత్తం మాత్రం తగ్గొచ్చు. లక్షలు వస్తాయని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి.

కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అడిగే పరిహారం కాదు, మీరు కట్టిన ధరే లెక్క. లాయర్ని పెట్టుకోవాల్సిన పనీ లేదు, వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు, అంటే 2027 డిసెంబర్ దాకా ఉంది. అయినా ఆలస్యం చేయకండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ తర్వాత ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

జిల్లా ఆహార భద్రతా అధికారికి, అంటే మనం ఇంకా ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే ఆయనకి, విడిగా ఒక కాగితం ఇవ్వండి. తప్పుడు లేబుల్‌కి 2006 ఆహార భద్రతా చట్టం సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అది మీ చేతికి రాదు, ప్రభుత్వానికి పోతుంది. కానీ ఆయన వెళ్లి ఆ షాపులో స్టాకు పట్టుకుంటే, ఆ పంచనామా మీ కేసులో బాగా పనికొస్తుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్యాకెట్ చెత్తబుట్టలో పడేసి వస్తారు. మీరు దాచారు, మంచి పని చేశారు. దాన్ని విప్పకండి, ఫ్రిజ్‌లో అసలు పెట్టకండి. తేమకి తేదీ ముద్ర చెదిరిపోతుంది. నాలుగు వైపులా ఫొటోలు తీసి, పారదర్శక కవర్లో వేసి బీరువాలో పెట్టండి. కమిషన్‌లో ఫొటోలు ఇవ్వండి, ప్యాకెట్ మాత్రం వాళ్లు అడిగినప్పుడు రసీదు తీసుకుని ఇవ్వండి.